బావురుపిల్లికి మచ్చలు

హలో… ఆ, నేనేరా కలీం, వీరబాబుని. నీ మిస్డ్ కాల్స్ చూశాను, ఎత్తే వీలుంటేగా…

టీవీలోనా?… సరిపోయింది. అద్దంకి నుంచి మీ నల్లపాడు దాకా పాకిందన్నమాట.

అవును, నేను తీసిన ఫొటోనే. లెన్స్‌కి తగిలించమని నువ్విచ్చిన కన్వర్టర్‌తోనే…

చిరుతా లేదు, నా బొందా లేదు. ఒంటి మీద ఒక్క మచ్చా లేని అడవిపిల్లి, బావురుపిల్లి!

…నవ్వకు. నవ్వకురా, ఇక్కడ మా పిన్ని కొంప మునిగేట్టుంది.

చెప్తా విను. మొన్న పొద్దుగూకే వేళ సుబ్బరావమ్మ పిన్ని మిరపచేలో కూర్చున్నానా… పిల్లి గట్టెక్కింది. ముందు ఉత్త లెన్స్‌తో ఒకటి తీశాను. చిన్నదే గానీ మీసాలతో సహా వచ్చింది. ఆశ తీరలా. పెళ్లిళ్లు తీసేవాణ్ణి కదా, మొహం ఫ్రేము నిండా కావాలనిపించింది. బొమ్మని రెట్టింపు చేసే నీ టూఎక్స్ కన్వర్టర్ తగిలించాను…

ఆ, చెప్పావు. వెలుతురు బాగా తగ్గిపోతుందన్నావు, ఆటోఫోకస్ మొండికేస్తుందన్నావు, స్టాండు లేకుండా తియ్యొద్దన్నావు… వినలా. ఇప్పుడు తిట్టి లాభమేంటి?

పిల్లీ రెట్టింపయింది, నా చేతి వణుకూ రెట్టింపయింది. ముందున్న మిరపకాయలు మసగ్గా దాని ఒంటి మీద పడ్డాయి—

అవేరా మచ్చలు!

చిరుతని నేననలా. 'ఇదేం జంతువో చెప్పుకోండి' అని ఊరి గ్రూపులో పెట్టానంతే… తెలిసే పెట్టాను, సరదాకి. టీ తాగొచ్చేలోపు చిరుతని చేసేశారు.

…కాదని అప్పుడే చెప్పాల్సింది, నిజమే. ఈలోపు సర్పంచి గారొచ్చి శాలువా కప్పేశారురా! 'మన వీరబాబు ప్రాణాలకు తెగించాడు' అని మైకులో ఒకటే పొగడ్త. శాలువా భుజాన ఉండగా, 'అయ్యా, అది పిల్లి, నాకు ఫోకస్ చెయ్యడం రాదు' అని ఏ నోటితో చెప్పను?

…పిన్నికేమైందా? కూలీలు ఒక్కరూ చేల వైపు రావట్లేదు. ఆమె తొలి కోత కాయలన్నీ కల్లంలో ఆరబోసి ఉన్నాయి. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. కుప్పచేసి పట్టాలు కప్పే మనిషి లేడు. చివరికి ఆమె ఒక్కతే కర్ర పట్టుకుని పోయింది. పోతూ పోతూ, 'నువ్వు జాగ్రత్త నాయనా, గడప దాటకు' అని నాకు చెప్పిపోయిందిరా…

ఆ… ఊ… సరే. నువ్వన్నదే మంచిది. మొదటి ఫొటో పెట్టేస్తా. పరువు పోతే పోయింది. లైన్లోనే ఉండు… 'ఇది బావురుపిల్లి. తప్పు నాదే. అందరూ చేలకు రండి.' చాలా?… పంపా.

అమ్మయ్య. గుండెల మీద బండ దిగిందిరా.

చూస్తున్నారు… యలమందయ్య గారేదో రాస్తున్నారు. మా ఊరి పెద్దాయన, ఆయన మాటంటే అందరికీ గురి. ఆయన ఒప్పుకుంటే ఇక—

…ఒరేయ్.

ఏముంది! 'ఇది పిల్లి కాదు, చిరుత పిల్ల. పిల్ల ఉందంటే తల్లి కూడా ఇక్కడే ఉంది. ఎవరూ బయటికి రావద్దు' అని పెట్టాడు. కింద అందరూ దండాలు!

…ఇంకేం చేస్తాను? చినుకులు మొదలయ్యాయి. నేనే పోయి పట్టా కప్పుతా. ఉండు… లక్ష్మీదుర్గా, ఆ తలుపు తియ్యి. తియ్యవే!… చూశావా కలీం, మా ఆవిడ గడియపెట్టి అడ్డం నిలబడింది. తల్లి చిరుత తిరుగుతోందంట…

ఓసి పిచ్చిదానా, అది నేను తీసిన బావురుపిల్లేనే!… నా మాట నమ్మవా? సరే, ఇదిగో కలీం, నువ్వన్నా చెప్పు, ఫోన్ దానికిస్తున్నా… ఏయ్, అది కాదు నొక్కేది, కట్ చెయ్యకు, కట్—