వాగొడ్డున షరీఫాబీ వసారా

ఆగమ్మాయ్, ఆగు. గుమ్మంలో నిలబడి చెప్పకు. మెళ్ళో ఆ కార్డు కూడా తియ్యకుండా వచ్చావంటే మున్సిపల్ ఆఫీసు నుంచి ఇటే వచ్చావన్నమాట. ఇవాళ కౌన్సిల్ మీటింగని నాకు తెలుసు, వాగొడ్డు హాస్టలు సంగతి తేల్చేసి ఉంటారనీ తెలుసు. ఏం తేల్చారో మాత్రం ఇప్పుడే చెప్పకు. కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు మంచం మీద కూర్చో. సరోజినీ, ప్రేమావతి గారమ్మాయి శ్రీవల్లి వచ్చింది, టీ పెట్టు. ఆఁ, నీకు చక్కెర తక్కువ కదూ, మీ అమ్మ చెప్పింది. ఎందుకు చెప్పనివ్వడం లేదంటావా? కాదన్నారని విన్నాననుకో, ఆ తరవాత షరీఫాబీ గురించి మాట్లాడబుద్ధి కాదు నాకు. ముందు నన్ను చెప్పనీ, తరవాత నువ్వు చెబుదువుగాని.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకోకు. ప్లానింగ్ సెక్రటరీవి గనక ఆ ప్లాను నువ్వే పట్టుకు తిరిగావు, అయినా నిన్ను నేనేమీ అనడం లేదు. పాత గదులు పడగొట్టాల్సిందే. మొన్నటి వానలకి చివరిగది గోడ వాగువైపు ఒరిగింది, నా కళ్ళతో చూశాను. ఆ గదుల ఓనరు షరీఫాబీ మనవడు బాబా బెజవాడలో స్థిరపడి, ఆ స్థలం చదువుకునే పిల్లలకే వాడాలని చెప్పి మున్సిపాలిటీకి ఇచ్చేశాడు. ఈ రోజుల్లో ఎవడిస్తాడు చెప్పు? చల్లగా ఉండాలి. మూడంతస్తులు వెయ్యండి, గదికో బాత్‌రూము కట్టండి. మేము చెంబు పట్టుకుని వాగు దిగేవాళ్ళం, వీళ్ళకెందుకా ఖర్మ. నాకు కావలసిందల్లా కింద, వాగువైపు, పొడుగాటి వసారా ఒకటి. పిల్లలందరూ ఒక్క బంతిలో కూర్చుని తినేంత. మీ ప్లానులో అక్కడ షాపులున్నాయి. నాకున్న పేచీ అంతా అదొక్కటే.

నువ్వావిడ్ని చూసుండవులే. నువ్వు పుట్టకముందే పోయింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వాగవతలి గట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూసేంత. భర్త ఖాజావలి లారీ డ్రైవరు. ట్రిప్పుకి వెళ్ళొచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నదాంతో ఒక గది లేపేవాడు. అందుకే ఏ రెండు గదుల గుమ్మాలూ ఒక ఎత్తున ఉండేవి కావు, మా తలలన్నీ బొప్పులు. గదుల ముందు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే వసారా. ఆయన లారీ మీదే పోయాడు, నాగపూర్ రోడ్డులో. ఆ తరవాత ఆవిడకి ఆ అద్దెలు తప్ప వేరే ఆధారం లేదు. ఈ సంగతి నువ్వు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆవిడ చేసిన పని ఆ ఆధారం మీదికే వచ్చేది.

అప్పట్లో మన తిరువూరులో కాలేజీ కొత్త. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కుర్రాళ్ళు ఆ గదుల్లో అద్దెకి దిగారు. విస్సన్నపేట వాళ్ళు, నెమలి వాళ్ళు, మా పెనుగొలను నుంచి నేను. వంట ఎవరికొచ్చు? ఇంటి దగ్గర అమ్మలు తెల్లారగట్లే లేచి వండి, క్యారేజీ కట్టి, మొదటి బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళు. బస్టాండులో దింపితే మేం వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. గుర్తుకోసం ఒక్కొక్కరి క్యారేజీ పిడికి ఒక్కో రంగు గుడ్డపీలిక. మా అమ్మ తన పాత చీర అంచు కట్టేది. ఇప్పుడు మీకా బాధ లేదు, వీధికో కర్రీ పాయింటు. మా ఆవిడ సరోజిని కూడా ఒక్కోసారి సాంబారు అక్కణ్ణించే తెప్పిస్తుంది, ఇంట్లో చేశానంటుంది. వినపడితే విననీ.

ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, బస్సు. బస్సన్నాక అది వచ్చినరోజు వస్తుంది, రానిరోజు రాదు. రానిరోజు ఆ ఊరివాడు గదిలో తలుపేసుకుని పడుకునేవాడు. "ఏరా, తినవా?" "తినేశాన్రా." అంతే. మాలో ఒక అబ్బాయి ఉండేవాడు, పేరు అడక్కు, చెప్పను. వాళ్ళ ఊరి బస్సు బాగానే వచ్చేది. క్యారేజీయే వచ్చేది కాదు. తల్లి తెల్లారకముందే కూలికి పోయేది, ఇక వండేదెప్పుడు, కట్టేదెప్పుడు? వాడు రోజూ మాతోపాటు బస్టాండుకి నడిచొచ్చేవాడు, మాతోపాటే తిరిగొచ్చేవాడు. "మా కండక్టరు వట్టి మతిమరుపు మనిషిరా" అనేవాడు నవ్వుతూ. మేం మొదట్లో నమ్మేవాళ్ళం. షరీఫాబీ నమ్మలేదు.

ఆవిడే వండి పెట్టొచ్చుగా అంటావు. పెడితే వాడు తినడు, అంత పౌరుషం. పైగా సాయిబుల ఇంట్లో వండింది కుర్రాళ్ళకి పెడుతోందని ఊళ్ళల్లో తెలిస్తే, ఆ కాలంలో వారం తిరక్కుండా గదులు ఖాళీ. ఏం చేసిందో తెలుసా? ఒకరోజు పెద్ద సత్తుగిన్నె తోమి తెచ్చి వసారా మధ్యలో పెట్టింది. "అబ్బాయిలూ, ఇవాళ్టి నుంచి నా గదుల్లో క్యారేజీ మూత తియ్యకూడదు. చీమలు పడుతున్నాయి. అందరూ వసారాలోనే కూర్చోవాలి. కూర్చున్నవాడు తన క్యారేజీలోది ఒక గరిటె అన్నం, ఒక గరిటె కూర ఈ గిన్నెలో వెయ్యాలి. వేసినా వెయ్యకపోయినా అందరూ ఈ గిన్నెలోంచి తినాలి. నీసు మాత్రం వెయ్యకండి. నచ్చనోడు గది ఖాళీ చెయ్యొచ్చు." కిటుకు ఎక్కడుందో చూశావా? లేనివాడే అందులోంచి తినాలంటే లేనివాడెవడో లోకానికి తెలిసిపోతుంది. అందరూ తింటే? ఎవరి గరిటె పడిందో, ఎవరిది పడలేదో ఎవడు చూస్తాడు? వాడి సంగతి మాకూ అప్పుడే అర్థమైంది, మాకు తెలుసని వాడికి తెలియనివ్వలేదంతే. పప్పు మీద పులుసు, పులుసు మీద పచ్చడి, అన్నీ కలిసిపోయి అదో రుచి. ఆ రుచి మళ్ళీ నాకు ఏ పెళ్ళిలోనూ తగల్లేదు. వంట ఆవిడది కాదు గనక ఏ ఊరివాడూ నోరెత్తడానికి లేదు.

నెమలి నుంచి ఒక ఆచారవంతుల పిల్లాడు ఉండేవాడు. మంచినీళ్ళు కూడా ఇంటి నుంచే. "పిన్నిగారూ, నేను వేస్తాను గానీ తినను" అన్నాడు. "వెయ్యి నాయనా, అంతే చాలు" అంది. ఓ మూలన అటు తిరిగి కూర్చునేవాడు పాపం. వానాకాలం వచ్చింది. ఒకరోజు ఎవరిదో గోంగూర పులుసు పడింది గిన్నెలో, ఉల్లిపాయలతో. వాడి మొహం కాస్త ఇటు తిరిగింది. మర్నాటికి మోకాళ్ళు కూడా తిరిగాయి. ఆవిడ చూసి కూడా చూడనట్టు కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. రంజాను నెలలో కూడా అంతే, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వసారా స్తంభానికి ఆనుకుని కూర్చునేది, మేం తిన్నంతసేపూ. మాకే సిగ్గేసి గబగబా మింగేవాళ్ళం. "ఉపాసం నాకురా, మీక్కాదు. నమిలి తినండి" అని కసిరేది.

ఇహ మా నాన్న సంగతి. ఆయన కోపిష్టి అని పెనుగొలనులో అడిగితే ఇప్పటికీ చెబుతారు. ఒకరోజు మా ఊరి బస్సు దారిలో ఆగిపోయింది. ఆయన ఎడ్లబండి మీద ఏదో పనిమీద తిరువూరు వచ్చి, నన్ను చూసిపోదామని అటు దిగాడు. చూసేసరికి నేను, అటు ఒకడు, ఇటు ఆ అబ్బాయి, వాడి కులమేంటో మా నాన్నకి తెలుసు, అందరం ఒకే గిన్నెలోంచి కలుపుకుని తింటున్నాం. చర్నాకోల చేతిలోనే ఉంది. "లేరా" అన్నాడు. ఆ ఒక్కమాటే. నేను లేస్తే నాతోపాటు మా ఊరివాళ్ళు ఇంకా ఇద్దరు లేస్తారు. ఆ పక్కగది ఖాళీ, ఈ పక్కగది ఖాళీ. ఆవిడకి తెలీదా? స్తంభం దగ్గర నుంచి లేవను కూడా లేవలేదు. "అయ్యగారూ, ఇవాళ మీ పెనుగొలను బస్సు రాలేదండి. మీవాడికి క్యారేజీ లేదు. ఈ పిల్లలందరూ తలా గరిటె వేస్తే తింటున్నాడు. లేపుతానంటే మీ ఇష్టం." గట్టిగా కూడా అనలేదమ్మా, ఆ గొంతుతో. మా నాన్న బండి తోలుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి ఏమన్నాడో, అసలు ఏమైనా అన్నాడో లేదో. ఆ వారం తిరిగేసరికి నా క్యారేజీకి ఒక గిన్నె పెరిగింది. నిండా ముద్దపప్పు. ఎవరికని మా అమ్మా చెప్పలేదు, ఎందుకని నేనూ అడగలేదు. అలా మా నాన్న చెయ్యి కూడా ఆ వసారాలో కలిసింది. ఆవిడకి నేను రుణపడిన సంగతుల్లో ఇదొకటి. నా చదువుకంటే పెద్దది.

సరే, మొన్నటి సంగతికి వస్తాను. అభ్యంతరాలుంటే చెప్పుకోండని హాలుకి పిలిచారు కదా. నువ్వూ ఉన్నావు, చూశావు. కౌన్సిలర్ లిడియా గారు నిదానంగానే అడిగింది. "సార్, షాపుల అద్దె వస్తేనే హాస్టల్లో కరెంటుకీ నీళ్ళకీ సరిపోతుంది. ఈ కాలం పిల్లలు ఎవరి గదిలో వాళ్ళు ఫోను చూసుకుంటూ తింటారు. వసారా ఎందుకో ఒక్క కారణం చెప్పండి, నేనే ఒప్పుకుంటాను." న్యాయమైన ప్రశ్న. నోరు తెరిచాను. ఏం చెప్పను? గది తలుపేసుకుంటే తిననివాడెవడో ఎవరికీ తెలియదని చెప్పాలంటే, ఈ కథంతా చెప్పాలి. కథ చెబితే 'ఎవరా అబ్బాయి' అంటారు. వాడి అన్నదమ్ముల పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఆ హాల్లోనే వెనక వరసలో ఇద్దరు కూర్చున్నారు. చూసేవాళ్ళు లెక్కలు కట్టి పట్టేస్తారు. ఆవిడ అన్నేళ్ళు కాపలా కాసిందాన్ని నేను మైకు పట్టుకుని బయటపెట్టనా? "గాలి బాగా వస్తుందండీ" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు, అదీ చూశాను. వచ్చి కూర్చున్నాను. అందుకే ఇవాళ నేను రాలేదు. గాలి కోసం షాపులెవరు వదులుకుంటారు?

సరే. టీ కూడా అయింది. ఇప్పుడు చెప్పు. మెల్లిగా చెప్పు.

ఏంటీ... ఒప్పుకున్నారా? మొత్తం వాగువైపంతానా? షాపులు రోడ్డు వైపుకి తిప్పారా? లిడియా గారే ప్రతిపాదించిందా? ఆగు, నేనేమీ చెప్పలేదు కదా, కారణం ఎవరు చెప్పారు మరి?

ఎవరూ?

అంతోనయ్యా? హెడ్మాస్టరుగా రిటైరై ఖమ్మంలో ఉంటున్న మన అంతోనయ్యేనా? ఆ వయసులో బస్సెక్కి వచ్చాడా? మొన్న హాల్లో కూర్చున్న వాళ్ళ పిల్లలే చెప్పుంటారు. మైకు దగ్గరికి వచ్చి... ఏమన్నాడు, వాడన్నట్టే చెప్పు.

'రోజూ క్యారేజీ రానివాణ్ణి నేనే' అన్నాడా? అందరి ముందూనా?

మా అందరికీ తెలుసన్న సంగతి తనకి గిన్నె పెట్టిన మొదటివారమే తెలిసిందన్నాడా? వీడు... అన్నేళ్ళూ ఆ మతిమరుపు కండక్టరు గురించి చెప్పి నవ్వించాడు కదమ్మా మమ్మల్ని. మొన్న పండక్కి ఫోనులో కూడా.

ఉన్నాడా ఇంకా ఊళ్ళో? వెళ్ళిపోయాడా, ఏ బస్సుకి? మీటింగయ్యేసరికి రెండు దాటిందంటున్నావు.

అన్నం తిని వెళ్ళాడా? ఎవరైనా అడిగారా వాణ్ణి?