ఇన్సర్టు అత్తయ్య

అదేంటే మనవరాలా, జిగురు అంత దట్టంగా పూస్తున్నావ్! మా మేనత్త చూసుంటే నీ వీపు విమానం మోత మోగేది. ఎవరా? చెప్పలేదూ, ప్రెస్సులో బైండింగు చేసేది, ఊరంతా ఇన్సర్టు అత్తయ్య అనేవాళ్ళు. ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కతో బతుకంతా లాగించేసింది మహాతల్లి. సూదిలో దారం ఇన్సర్టు, తాళంలో చెవి ఇన్సర్టు, భోజనాల దగ్గరికి నేను ఆలస్యంగా వస్తే "జరగండర్రా, వీణ్ణి మధ్యలో ఇన్సర్టు చెయ్యాలి" అనేది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే తన మాట ఇన్సర్టు చెయ్యకుండా ఉంటుందా, అబ్బే!

నన్ను ఆ ప్రెస్సులోనే అచ్చు అక్షరాలు పేర్చే కంపోజింగు పనిలో పెట్టించింది కూడా ఆవిడే. "మా మేనల్లుడు తప్పు చెయ్యడండీ, పూచీ నాది" అని ఓనరుకి మాటిచ్చింది. మూడో నెలలోనే కొంప ముంచాను. ఒక రిటైరైన హెడ్మాస్టరుగారు పుస్తకం వేయించుకున్నారు, ఐదొందల కాపీలు. ఆ సాయంత్రమే పుస్తకావిష్కరణ సభ. పొద్దున చూస్తే ఏముంది, వాళ్ళావిడకి అంకితమిచ్చిన పేజీ లేదు! ఆయన రాసిచ్చిన కాగితం నా సొరుగులోనే ఉండిపోయింది. "ఆ మాస్టారు అడిగాడో, రేపట్నుంచి నువ్వూ రావద్దు, మీ అత్తా రావద్దు" అన్నాడు ఓనరు. నేను ఏడుపు మొదలెట్టాను. అత్త మాత్రం "ఏడుపెందుకురా, ఆ ఒక్కటీ అచ్చు వెయ్యి, ఇన్సర్టు చేద్దాం" అంది. కాగితం అంచుకి గోరంత వెడల్పున పల్చగా జిగురు, పుస్తకం మడతలోకి తోసి ఒక్క నొక్కు, అంతే. ఓనరుతో సహా అందరం నేలమీద కూచుని ఐదొందలకీ అతికించాం. "అయ్యా, తలకిందులుగా పెట్టారు, తియ్యండి" అని ఆయన్నే కసిరింది! ఆయనేమో "అలాగేనమ్మా" అన్నాడు.

సభలో మాస్టారు మొదటి కాపీ భార్య చేతిలో పెట్టారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడతో ఒక్క మంచి మాట అన్న మనిషి కాదట. ఆవిడ ఆ పేజీ చదివింది. మళ్ళీ చదివింది. అంచు వేలితో తడిమి, "తడిగా ఉందేంటండీ, ఇప్పుడే రాశారా?" అంది. నేను ఓనరు వెనక్కి జరిగాను. మాస్టారు పేజీ చూశారు, ఓనర్ని చూశారు, నన్ను చూశారు. "అవును, ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు" అన్నారు. వెనక వరసలో మా అత్త పమిట నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు. ఆ నవ్వంటే నాకెంత ఇష్టమో తెలుసా... ఊఁ. మీ నాయనమ్మ కాఫీ కలిపిందేమో చూసి రా, పో.