కోళ్ల షెడ్డుల దయానందం పాస్టరు

మలుపు కాడి రేకుల షెడ్డు మీద సిలువెవరు పెట్టిండ్రు అంటవా బిడ్డా? అన్నీ మీ ఫోన్ల దొరుకుతయంటరు, గిది దొరకలేదా? కూసో మరి. ఆ షెడ్డు నాది. నా కోళ్ల షెడ్డు. అండ్ల దేవుణ్ణి కూసోపెట్టింది దయానందమని మన కనకమామిడి పాస్టరు. పోయి పదేండ్లు దాటింది. సన్నగ, పొడుగ్గ, ఎండకాలం గూడ కోటు తొడుక్కొని, సైకిల్ మీద ఎంకపల్లి, ముడిమ్యాల తిరిగి ప్రార్థనలు చేసెటోడు. నోట్లె ఒక్కటే మాట, "దేవుని ప్లాను అన్నా" అని. టైరు పంచరైతె ప్లాను. వాన పడకుంటె ప్లాను. నేను సర్పంచి ఎలక్షన్ల ఓడిపోతె ఇంటికొచ్చి, "ఫికరు చెయ్యకు జంగన్నా, దేవుడు నీకేదో ప్లాను పెట్టిండు" అన్నడు. "ప్లాను పెట్టింది దేవుడు గాదయ్యా, నా తోడల్లుడు" అన్న. నవ్విండు. ఆయనను ఏమన్నా నవ్వేటోడు, గదే నాకు మండేది.

ఆయనకున్నది ఒక్కటే కోరిక. రోడ్డు పక్కకు చర్చి. నర్సింహ అని ఒక ముసలాయన "నా చెల్క మూలకు రెండు గుంటలు తీసుకో" అని నోటిమాట ఇచ్చిండు. తొమ్మిదేండ్లు, ఆదివారం వస్తె చాలు, ఆ జాగల పందిరి కింద పాటలు, ప్రార్థనలు. ముసలాయన పోయిండు. గప్పుడే గచ్చిబౌలి దిక్కు మీ ఆఫీసుల అద్దాల బంగ్లాలు లేస్తున్నయి, ఇటు దిక్కు కార్లు రాని రోజు లేకుండె. కొడుకులు చెల్క మొత్తం ఒక సాఫ్ట్‌వేర్ సారుకు ఫామ్‌హౌసుకు అమ్మిండ్రు. పందిరి పీకి గోడ కట్టిండ్రు. నేను పోయి చెప్పిన, "గేటు కాడ టెంటు వేద్దాం, నీ సంఘపోల్లను కూసోపెట్టు, పేపరోల్లను నేను తెస్త" అని. ఆయన మీద ప్రేమనుకునేవు, నాకు మల్ల ఎలక్షన్లు దగ్గర వడ్డయి, గంతే. ఆయనేమో "వద్దన్నా, కొట్లాడి తీసుకున్న జాగల నేనేమని ప్రార్థన చెయ్యాలె? దేవుడు వేరే ఏదో అనుకున్నడు" అన్నడు. ఏమనుకున్నడయ్యా అంటె, "నాకు చెప్పలే" అన్నడు.

గా యేడాదే కోళ్లకు రోగమని పేపర్ల రాసిండ్రు. కోడి కూర తినెటోడు లేడు. నా షెడ్డు ఖాళీ. ఆ కడుపుమంటల ఉండి ఎటకారానికి అన్న, "నీ దేవునికి జాగ లేదంటివి గదా, నా కోళ్ల షెడ్డున్నది, తీసుకపో" అని. ఆయన నిజమనుకున్నడు. రెండు చేతులు పట్టుకున్నడు. ఇగ ఏడికి పోవాలె నేను? ఆయన భార్య నిర్మలమ్మ ఎనిమిది రోజులు గీకి గీకి కడిగింది, సున్నం కొట్టిండ్రు, అయినా వాసన పోలే. "తొమ్మిదేండ్లు గుడి అడిగితె కోళ్ల షెడ్డిచ్చిండు, మంచిగ వింటడమ్మా మీ దేవుడు" అంటి. ఆమె చీపురు ఆపకుండనే, "మా ప్రభువు పశువుల పాకల పుట్టిండు జంగన్నా, ఆయనకు అలవాటే" అన్నది.

ప్రతిష్ఠ ఆదివారం పెట్టుకున్నరు. పట్నంకెల్లి పాస్టర్లందరికి పెద్ద, పెద్దయ్యగారు వస్తడని పూలు, కుర్చీలు, మస్తు హడావుడి. శనివారం వాన మొదలైంది, ఇగ ఆగదు. ఆ ఫామ్‌హౌసే కట్టే పాలమూరు కూలీల గుడిసెలు కొట్టుకపోయినయి. ముప్పై మంది, పిల్లాజెల్లతోని రోడ్డు మీద. దయానందం షెడ్డు తలుపు తీసిండు. తెల్లారి పెద్దయ్యగారి కారొచ్చింది. చూస్తె కుర్చీల మీద తడి చీరెలు, నడుమల మూడు రాళ్ల మీద గంజి ఉడుకుతున్నది. "ఏంది దయానందం ఇది?" అన్నడు. "ప్లాను మారిందయ్యగారూ" అన్నడు ఈయన. పెద్దయ్యగారు గడప కాడికెల్లే మర్లిపోయిండు. నేను కడుపుబ్బ నవ్విన.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదులే. ఆ పిల్లలకు జ్వరాలు తగిలినయి. నిర్మలమ్మ వారం రోజులు వాళ్ల నడుమనే ఉన్నది, తడిగుడ్డలేసుకుంట, గంజి తాపుకుంట. అటెంక ఆమెకే వచ్చింది. నా జీపులనే చేవెళ్ల దవాఖానకు తీసుకపోయినం. మూడో రోజు పోయింది. మట్టి చేసి వచ్చినంక ఆయన షెడ్డు బయట కూసున్నడు, పక్కకు నేను. నా నోరు సంగతి నీకు తెల్సు గదా. అడిగిన. "గిది గూడ ప్లానేనా దయానందం?" అని.

"తెల్వదన్నా" అన్నడు. "అడుగుతనే ఉన్న. చెప్తలేడు. ఆయన మీద కోపమొస్తున్నది. కోపమొచ్చినా ఆయనకే చెప్పుకోవాలె, ఇంకెవరున్నరు నాకు?" అని లేచిండు. ఏడ్వనీకి పోతున్నడనుకున్న. కూలీల పిల్లలకు గంజి పొయ్యనీకి పోయిండు.

ఆ కూలోల్లు ఏసు పేరు ఎరుగరు బిడ్డా, ఊర్ల మైసమ్మకు మొక్కెటోల్లు. ఫామ్‌హౌసు పని దిగినంక రోజూ వచ్చి షెడ్డుకు గోడలు లేపిండ్రు, గచ్చు చేసిండ్రు. రమ్మని ఎవ్వరు పిలువలే. సిలువ వెల్డింగు కొట్టింది బాల్‌రాజ్ అని రాడ్ల మేస్త్రి. జర వంకర ఉంటది, చూసినవా? రాడ్లు ఫామ్‌హౌసు సారును అడిగే తెచ్చిన అంటడు, నేనైతే నమ్మ.

దయానందం మల్ల పెండ్లి చేసుకోలే. ఎనిమిదేండ్లు అండ్లనే ఉన్నడు. వానల ఎవరొచ్చినా తలుపు తీసుడే. ప్లాను అనే మాట మాత్రం తగ్గించిండు. అంటె బాగుండు అనిపించేది నాకు. నిర్మలమ్మను మట్టి చేసిన నాడు ఆ మాట అడిగినందుకు మాఫీ చెప్పాలెనని ఎన్నిసార్లో పోయిన. కూసుంట. చాయ్ పోస్తడు. టమాట రేటు పడిపోయిందని చెప్పి లేచి వస్త. ఆయన పోయిన నాడు పెట్టెకు ఒక దిక్కు భుజం నాదే. అప్పుడన్న చెప్దామనుకున్న. అటు దిక్కు బాల్‌రాజ్ ఉండె, వింటడని...

మీ అవ్వ పిలుస్తున్నది, లే. అన్నం సల్లగైతది.