మైసమ్మ ఫోన్ నంబరు

పచ్చగుర్తు, పచ్చగుర్తు అని మురుస్తున్నవు గని మైత్రి బిడ్డా, జర ఆగు. హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చినవు. ఆడిట్ మిషన్ చేతిల వడ్డంక లెక్కలు ఎట్ల మారినయో నీ చదువుకోసం రాసుకుంటున్నవు. రాసుకో, వద్దన్ననా? నా క్యాంటీన్ల, పూలమ్మ క్యాంటీన్ల, ఒక్క ఎర్రగుర్తు గూడ లేదని రాసుకో. అది ఎట్ల పోయిందో అడగకుంట రాసుకుంటే ఎట్ల?

గా గేటు అవుతల మైసమ్మ గద్దె కనవడుతున్నదా? బొగ్గు బాయి డ్యూటీకి పోయేటోళ్లు మొక్కకుంట పోరు. ఫస్టు షిఫ్టుల మేం వండిన మొదటి పళ్లెం ఆమెకే. మా అత్త వండినప్పటి నుంచి గంతే. పళ్లెం వెట్టి, దండం వెట్టి, ఎనుకకు మర్లి రావాలె. మళ్ల అటు దిక్కు చూడొద్దు.

ఎందుకంటవా? పని లేనోడు, జేబుల పైస లేనోడు ఎవడో ఒకడు వచ్చి తింటడు. ఎవరు తిన్నరని అడగం. మైసమ్మ తిన్నదంటం. తిన్నోనికి నామోషీ ఉండది, మాకు రంది ఉండది.

మునుపు ఆడిట్ సారు ఏడాదికొక్కపారి వచ్చేటోడు. నాలుగు బిల్లులు తిరగేసి, "ఈ పళ్లెం ఏందమ్మా?" అనేటోడు. మైసమ్మది సారూ అంటే లెంపలేసుకొని, చాయ్ తాగి పోయేటోడు. ఆడిట్ ఒడిసిపాయె.

గీ మిషన్ అట్ల కాదు. ఒక్క బిల్లు ఇడిసిపెట్టది. బియ్యమెంత, పళ్లేలెన్ని, బిల్లులెన్ని, అన్నీ కలిపి చూస్తది. రోజుకొక్క పళ్లేనికి బిల్లు లేదు, ఎవరో కావాలనే చేస్తున్నరని ఎర్రగుర్తు వెట్టింది. కావాలనే చేస్తున్నం మరి! రోజూ మర్చిపోయి పెడతమా?

సరే, బిల్లు కొడదామనుకున్న. పేరు అడిగింది. మైసమ్మ అని కొట్టిన. ఫోన్ నంబర్ అడిగింది. ఆమెకేడిది? నాదే కొట్టిన.

నవ్వకు! మీరు తిన్న లెక్క నిజమే అయితే ఒకటి నొక్కండని నా ఫోన్‌కే మెసేజ్ వచ్చింది. దండం వెట్టుకొని నొక్కిన. తెల్లారేసరికి రెండు ఎర్రగుర్తులు. ఇద్దరి నంబర్ ఒక్కటే అంట, మైసమ్మ నేను సొంతోళ్లమంట, చుట్టరికం దాస్తున్నమంట! నా లగ్గానికి గూడ అంత పెద్ద చుట్టం రాలే బిడ్డా.

ఆఫీసోళ్లు పిలిచి సాఫ్‌గ చెప్పిన్రు. సోమవారం లోపట గుర్తు పోకుంటే క్యాంటీన్ ఇంకొకలకు ఇస్తరంట. మేం ఆరుగురం ఆడోళ్లం. మల్లక్క మొగడు మంచంల వడ్డడు, ఆమె జీతం మీదనే ఇల్లు. నేనేం జెయ్యాలె, చెప్పు?

తిన్నోని పేరు కొట్టిన.

నాకెట్ల తెలుసంటవా? చూడొద్దంటే చూడకుంట ఉంటమా! గట్టయ్య ఆయన పేరు. కాంట్రాక్టు లేబర్. మునుపటి ఖాతా బుక్కుల ఆయన ఫోన్ నంబర్ గూడ ఉండె. పని బందై చానా దినాలాయె. అయినా రోజూ ఖాకీ అంగి తొడుక్కొని, హెల్మెట్ వట్టుకొని కమాన్‌పూర్ నుంచి వస్తడు. ఇంట్ల డ్యూటీ అనే చెప్పిండు. బిడ్డ హర్షిణి డిగ్రీ చదువుతున్నది.

ఎందుకు ఫ్రీ అని మిషన్ అడిగితే, పని లేదు అనే కాడ నొక్కిన. పచ్చగైంది. చప్పట్లు కొట్టే బొమ్మ గూడ వచ్చింది.

గంతల్నే గట్టయ్యకు మెసేజ్ పోయింది. "గౌరవనీయులైన గట్టయ్య గారూ, పని లేనివారి కింద మీరు ఉచిత భోజనం పొందారు. ధన్యవాదాలు." ఎంత మర్యాద చూడు! ఆయనకు చదువు రాదు. బిడ్డతోని చదివించుకున్నడు.

మెసేజ్ కింద ఉన్న క్యాంటీన్ నంబర్ చూసి నిన్న హర్షిణి ఫోన్ చేసింది. "అవ్వా, మా నాయిన డ్యూటీకే వస్తున్నడు గదా?" అన్నది. సిగ్నల్ లేదని పెట్టేసిన. సిగ్నల్ మంచిగనే ఉండె.

ఇయ్యాల పళ్లెం వెట్టి, అటు దిక్కే చూసుకుంట కూసున్న. ఎవ్వలు రాలే. మధ్యాహ్నం పోయి చూస్తే అన్నానికి చీమలు వట్టినయ్. ఏడ తిరుగుతున్నడో, తిన్నడో లేదో!

మిషన్ల మాత్రం తిన్నట్టే ఉన్నది. పళ్లెం వెట్టంగనే బిల్లు కొడితి గదా. తిన్నన్ని దినాలు ఎర్రగుర్తు, తినకపోతే పచ్చగుర్తు. రాసుకున్నవా?

సరే తియ్, చాయ్ తాగుదువు. పేరు చెప్పు, ఫోన్ నంబర్ చెప్పు.