ఎలాంటి ఇబ్బంది లేదు

మందమర్రిలో కాలనీ ఫుట్‌బాల్ స్టేడియం, తూర్పు గేటు. గురువారం ఉదయం. కొత్తగా కట్టిన రాంపు కింద చక్రాల కుర్చీలో పరశురాములు, పక్కన ఫైలు పట్టుకొని ఇంజినీరు ప్రవళిక.

"ముట్టకు. కుర్సీ ముట్టకు మేడమ్. నా చేతులు మంచిగనే ఉన్నయి."

"ముట్టలే కాకా. చక్రం కింద రాయి ఉన్నదని చెప్దామనుకున్న."

"నాకు కనబడ్డది. ముందుగాల గీ ముచ్చట చెప్పు. నన్నే ఎందుకు పిలిచిన్రు?"

"ఫోన్ల చెప్పిన గద. ఐతారం ఆడపిల్లల ఫైనల్ ఉన్నది. రాంపు కొత్తది. కుర్సీల తిరిగేటాయన ఒక్కరు ఎక్కి చూసి, బాగుందో లేదో రాసియ్యాలె. రూలు అది."

"రూలు సరే. మందమర్రిల కుర్సీల ఉన్నోన్ని నేనొక్కన్నేనా? మార్కెట్ల హనుమండ్లు ఉన్నడు. మసీదు గల్లీల లతీఫున్నీసా ఉన్నది. వాళ్లను అడగలే, నన్నే అడిగినవు."

"మిమ్మల్ని అడుగుమన్నరు."

"ఎవలు?"

"స్టేడియం కమిటీల... అనుకున్నరు."

"కమిటీల ఎవలు?"

"ఎవరో ఒకరు కాకా. ఎండెక్కుతుంది, పైకి పోదామా?"

"ఎండకు నాకేం భయం లేదు. ఫొటో తీసేటోడు యాడున్నడు?"

"ఏ ఫొటో?"

"నన్ను ఎడ్డోన్ని చెయ్యకు. మెడల దండ ఏస్తరు, నేను ఎక్కుతుంటె ఫొటో తీస్తరు, తెల్లారి పేపర్ల ఏస్తరు. తర్వాత రాంపు మీద ఎవలో ఒకలు మోటర్ సైకిళ్లు పెడ్తరు. గంతే గద?"

"దండ లేదు, ఫొటో లేదు. మీరు, నేను, గీ ఫైలు. చూడున్రి చుట్టు, ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరు. గందుకే ఇంకింత అనుమానం. ఫైల్ల గా కాగితం ఏంది?"

"ఎక్కినంక ఇస్త."

"ఇప్పుడియ్యి."

"కాకా, ఎక్కినంక..."

"ఇప్పుడియ్యకుంటె వాపస్ పోత. నన్ను తెచ్చిన అక్బర్ ఆటో రోడ్డు మీదనే ఉన్నది."

"...ఇగో."

"అద్దాలు తేలే. ఆగు, కనబడుతుంది. 'నేను రాంపును, కూర్చునే స్థలమును పరిశీలించితిని. ఎలాంటి ఇబ్బంది లేదు.' కింద నా పేరు గూడ టైప్ కొట్టిన్రు! నేను ఇంక ఎక్కనే లేదు గద బిడ్డా!"

"అది కమిటీ వాళ్లు కొట్టిచ్చిన్రు. నేను కాదు."

"నువ్వు తెచ్చినవు."

"తెచ్చిన. కని వెనుక ఖాళీ ఉన్నది. మీకేం అనిపిస్తె అది వెనుక రాయొచ్చు."

"వెనుక ఎవలు చదువుతరు?"

"నేను చదువుత."

"నువ్వా? నీది ఏ ఊరు?"

"బోథ్."

"బోథ్ పిల్లకు మందమర్రి గ్రౌండు మీద గింత పాయిరం, గింత ప్రేమ ఏంది?"

"డ్యూటీ కాకా. పోదామా?"

"ఆగు."

"కట్టెతోని రాంపు మీద కొడుతున్నరేంది?"

"సప్పుడు చెయ్యకు. ఇంటున్న. ఇరవై ఏండ్లు బొగ్గు బాయిల సర్దార్ పని చేసిన. అందరికంటె ముందు దిగి, కట్టెతోని పైకప్పు కొట్టి చూసుడే నా పని. ఠంగుమంటె గట్టిది. డొల్ల సప్పుడస్తె పెద్దసారు వచ్చినా లోపలికి రానియ్యకపోయేది."

"అది పైకప్పు. ఇది కింద గదా."

"కిందైతే ఏంది? నా పానం దీని మీదనే గద పోయేది. ...ఇక్కడ గట్టిగున్నది. ఇక్కడ గూడ. సరే. ముందుగాల కట్టింది గిట్ల లేకుండె."

"మీరు చూసిన్రా?"

"ఆటోల పోంగ చూసిన. బాయిలకు దిగే తొవ్వ లెక్క నిలువున ఉండె."

"మేస్త్రి బాయి పనులు చేసినాయన కాకా. వాలు అంటె ఆయనకు అదొక్కటే ఎర్క. నాలుగడుగులకు అడుగు లేపిండు. 'గీ వాలు మీద బొగ్గు టబ్బులే ఎక్కుతయి, మనుషులు ఎక్కరా?' అని నన్నే అడిగిండు."

"పక్కకు ఇనుప తాడు గూడ పెట్టకపోయిండు, టబ్బుల లెక్క మమ్ముల గుంజేటందుకు!"

"నేనే పగలగొట్టిచ్చిన. ఇప్పుడు పన్నెండు అడుగులకు ఒక అడుగే లేస్తది."

"నువ్వు పగలగొట్టిచ్చినవా? గుత్తేదారు ఊకున్నడా?"

"ఊకోలే. పైకి ఫోన్లు చేసిండు."

"అయినా పగలగొట్టిచ్చినవు. గంత పట్టు ఎందుకు పట్టినవు? నీకేం ఒస్తది?"

"మీరు అన్నిటికి గిట్లనే అడుగుతరా?"

"అడుగుత. ఊకె మంచి చేసేటోళ్లను నేను ఎక్కువమందిని చూడలే. పక్కకు జరుగు, ఎక్కుత."

"నెమ్మదిగ. మలుపు కాడ జర ఆగున్రి, దమ్ము తీసుకోవచ్చు. అటు దిక్కు, పాత గోడకు సందు ఉండె చూడున్రి, గక్కడ..."

"ఏం సందు?"

"ఏం లేదు."

"గోడకు సందు ఉండె అన్నవు. గా సందు మూసి పదహారేండ్లాయె. అండ్లకెళ్లి మ్యాచ్ చూసెటోళ్లు. బోథ్ పిల్లవు, నీకెట్ల ఎర్క?"

"...ఎవరో చెప్పిన్రు."

"మల్ల ఎవరో. కమిటీల ఎవరో, సందు గురించి ఎవరో. నీకు పేర్లు యాదికుండయా?"

"పైకి వచ్చినం కాకా. ఇదే కుర్సీల జాగ. పది కుర్సీలు పడుతయి. పైన రేకులు ఉన్నయి, ఎండ తగలది. ఎట్లున్నది?"

"కూసో."

"ఆఁ?"

"కింద కూసో బిడ్డా. నీ తల నా తల కాడికి రానియ్యి. ఆఁ, గట్ల. ఏం కనబడుతుంది చెప్పు."

"గ్రౌండు. గడ్డి. అటు గోలు... ఆగున్రి. పైపు."

"ఏ పైపు?"

"ముందు రెయిలింగ్ పైపు. కండ్లకు సరిగ్గ అడ్డమొస్తుంది."

"నడుమ గ్రౌండు మొత్తం పైపు వెనుకనే ఉన్నది. నిలబడి కట్టిన్రు, నిలబడి చూసుకున్నరు, మంచిగున్నదన్నరు. కూసోని ఒక్కలు గూడ చూడలే."

"నేను గూడ చూడలే. తప్పు నాది."

"తప్పు నాది అని గంత జల్దిన ఒప్పుకుంటున్నవు! ఇంజినీర్లు గట్ల ఒప్పుకోరు. ఇంకోటి అడుగుత. సిగ్గిడిచి అడుగుతున్న."

"అడుగున్రి."

"బాత్రూమ్ తలుపు ఎంత వెడల్పు?"

"...రెండడుగులు."

"నా కుర్సీ?"

"రెండున్నర."

"అంటె ఐతారం మ్యాచ్ చూడాలంటె శనివారం రాత్రి కెల్లి నేను నీళ్లు తాగుడు బంద్ చెయ్యాలె."

"ఎర్కనే కాకా. ఎటన్న పోవాలంటె ముందురోజే నీళ్లు బంద్ చేస్తరు. నోరెండినా తాగరు. అడిగితె దూప లేదంటరు."

"నీకెట్ల ఎర్క? చదువుకున్నవా, చూసినవా?"

"చూసిన."

"ఎవలను?"

"ముందు పని సంగతి మాట్లాడుదాం. గోడ పగలగొట్టి పెద్ద తలుపు పెట్టాలె. పైపు కోసి కిందికి దించాలె. పది రోజులు పడుతది."

"ఐతారానికి?"

"కాదు. మీరు బాగలేదని రాస్తె ఇక్కడ మ్యాచ్ కాదు. మంచిర్యాలకు పోతది."

"మంచిర్యాలల రాంపు ఉన్నదా?"

"లేదు. పద్దెనిమిది మెట్లు. వాళ్లది పాత స్టేడియం, వాళ్లకు గీ రూలు లేదట."

"బాగున్నది! కట్టనోనికి రూలు లేదు, కట్టినోనికే రూలు. ...మన పిల్లల టీముల గోల్‌కీపర్ ఎవలో నీకు ఎర్కనా?"

"అక్షిత. మీ మనుమరాలు."

"గది గూడ ఎర్కనే! గిప్పుడు సమజైంది. మనుమరాలి ఆట చూడాలన్న ఆశకు ముసలోడు కండ్లు మూసుకొని దస్కత్ పెడ్తడని నన్ను పట్టుకొచ్చిన్రు."

"అట్ల కాదు కాకా. ఒట్టు."

"ఎట్లయితె ఏంది? నా ఆశ నిజమే. దాని ఆట నేను ఒక్కసారి గూడ చూడలే. గెలిచి ఇంటికొచ్చి ఫోన్ల చూపిస్తది. గోలు ఆపినప్పుడు మనిషి గింత, చీమంత కనబడుతది. 'తాతా, గిది నేనే' అని ఏలు పెట్టి చూపిస్తది. నా మనుమరాలిని నాకే ఏలు పెట్టి చూపియ్యాలె! నాకు ఏడుపొస్తది బిడ్డా. దాని ముందల ఏడువ. ...పెన్నియ్యి."

"కాకా..."

"ఇయ్యి. పైపు కింద వంగి చూస్త. నీళ్లు తాగ. మెడ నొస్తె నొస్తది. ఎలాంటి ఇబ్బంది లేదు. యాడ పెట్టాలె దస్కత్?"

"...పేరు కింద. మీ ఇష్టం."

"గంతేనా? రాంపు పగలగొట్టిచ్చిన దానివి, దస్కత్ పెట్టకు అనన్న అనవా?"

"కాగితం మీది. చెయ్యి మీది. నేను అనను."

"అనవు. నా మొకం చూస్తున్నవు గని ఏం అనవు. పొద్దుగాల్నుంచి గట్లనే చూస్తున్నవు. ఏదో పరీక్ష పెట్టినట్టు. ఇగో, పెన్ను పక్కకు పెట్టిన. ఒక్కటి నిజం చెప్పు. కమిటీ ఆఫీసుల పాత మీటింగ్ బుక్కులు చూసినవా?"

"చూసిన."

"ఎప్పటియి?"

"అన్ని."

"పద్దెనిమిదేండ్ల కిందటిది?"

"అది గూడ."

"గందుకా... నేను అనుకుంటనే ఉన్న. ఎవలో ఒకలు ఒకనాడు గా పేజీ తెరుస్తరని అనుకుంటనే ఉన్న."

"ఏం పేజీ కాకా?"

"నువ్వు చదివినవు. మల్ల నన్నెందుకు అడుగుడు?"

"మీ నోటితోని చెప్పున్రి."

"అప్పుడు నేను కమిటీ సెక్రటరీని. కాళ్లు మంచిగుండె, నోరు గూడ పెద్దగుండె. అంజన్న అని ఒక టైలర్ ఉండె. చిన్నప్పుడే పోలియో. మూడు చక్రాల బండి మీద వచ్చెటోడు. మన టీము జెర్సీల మీద నంబర్లన్ని ఆయనే కుట్టెటోడు. కని ఆ నంబర్లు గ్రౌండ్ల ఉరుకుతుంటె ఎట్లుంటదో లోపలికొచ్చి చూడలే. గేటుకాడ మెట్లు. గా గోడ సందుల కెల్లి చూసెటోడు. నాలుగు మెట్లు తీసి వాలు కట్టున్రి అని అర్జీ పెట్టిండు."

"మీరేం రాసిన్రు?"

"'ఒక్కని కోసం మెట్లు పగలగొట్టేది లేదు.' గిదే రాసిన. కింద దస్కత్ పెట్టిన. నకలు తీసి ఆయన చేతులనే పెట్టిన. ఆయన చదువుకున్నడు, మలుచుకొని జేబుల పెట్టుకున్నడు. కొన్ని రోజులకు ఊరిడిచి పోయిండు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? రెండేండ్లకు రైల్వే గేటుకాడ బండి మీదికెల్లి పడ్డ. నడుము పోయింది. జనం ఏమనుకుంటరు? మెట్లున్నయని పరశురాములు గ్రౌండుకు రాడు అనుకుంటరు. మెట్లు కాదు బిడ్డా. నలుగురు మోసుకపోతమన్నరు, నేనే రాలే. సిగ్గు. ఏ మొకం పెట్టుకొని రావాలె? ...ఇప్పుడు నువ్వు తెచ్చినవు. నన్ను గిక్కడ కూసోబెట్టి, 'ఎట్లున్నది ఇప్పుడు పరశురాములు?' అని అడిగేటందుకే తెచ్చినవు. అడుగు. ఎవలు పంపిన్రో గది గూడ చెప్పి అడుగు."

"కమిటీ పంపలే కాకా."

"నాకెర్క."

"కమిటీ హనుమండ్లను పిలువుమన్నది. నేనే వద్దన్న."

"మరి నా పేరు ఎవలు చెప్పిన్రు?"

"అంజన్న."

"టైలర్ అంజన్ననా?"

"ఆయన మా బాపు."

"...బతికే ఉన్నడా?"

"ఉన్నడు. బోథ్‌ల అమ్మగారింటి కాడ ఉంటున్నం. ఇప్పటికీ మిషిన్ కుడుతడు. ఐతారం మ్యాచుకు వస్తనంటుండు."

"నన్ను మాఫ్ చేసిండా బిడ్డా? గందుకే పంపిండా?"

"లేదు కాకా. చెయ్యలే. మీ పేరెత్తితె ఇప్పటికీ బువ్వ కాడికెల్లి లేస్తడు."

"మరి నా కాడికే ఎందుకు పంపిండు?"

"నేను గదే అడిగిన. తక్కిన కమిటీ సార్లంత 'చూద్దాం అంజన్నా, చూద్దాం' అని ఏండ్లకు ఏండ్లు తిప్పిన్రట. 'పరశురాములు నా కడుపు మండిచ్చిండు గని, ఉత్తమాట ఒక్కనాడు రాయలే. గా రాంపు మంచిగున్నదని వాడు దస్కత్ పెడితెనే నేను ఇంట్లకెల్లి బయలెల్లుత' అన్నడు కాకా."