పాత డబ్బాలో పుల్ల

"మామయ్యా, మన ఇంట్లో దొంగ పడ్డాడు!"

టీవీ బల్ల ముందు గొంతుక్కూర్చున్న కోడలి కేకకు వాలుకుర్చీలో మామయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఆఁ! ఎక్కడ? ఏం పోయింది?"

"నెట్టు పోయింది."

"హమ్మయ్య! గుండె ఆగినంత పనైంది తల్లీ. నెట్టు పోవడం మనకి కొత్తా ఏమిటి?"

"ఊరికే పోలేదు, ఎవరో పోగొట్టారు. ఇదిగో ఈ తెల్ల డబ్బా, ఫైబర్ కంపెనీవాళ్లు ఇచ్చిన హబ్. దీని వైఫై నా చేత్తో నేనే ఆపేశా. ఇప్పుడు చూస్తే పాత పేరుతో మళ్లీ వస్తోంది."

"దానంతటదే వచ్చిందేమో."

"చచ్చిన పాము దానంతటదే లేస్తుందా మామయ్యా?"

"బల్లి తొక్కిందేమో. మొన్న ఆ బల్ల వెనకాల ఓ బల్లి తిరిగింది. ఇంత లావున..."

"బల్లి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి కూడా వెళ్లిందా? హబ్ పేజీ తెరిచి చూశా. ఓ ఫోన్ ఇప్పుడే, ఈ క్షణం, దీని మీద నడుస్తోంది. నాది కాదు, మీ అబ్బాయిది కాదు. మీది బటన్ల ఫోనాయె."

"మేడ మీద డ్రమ్ములు వాయించే ఆయన! నేననుకుంటూనే ఉన్నా. వాడి చూపే మంచిది కాదు."

"పాపం, ఆయన ఊళ్లోనే లేడు."

"అయితే ఆ కంపెనీ మనిషి. పొద్దున వస్తానని సాయంత్రం ఊడిపడ్డాడే, వాడు. టైముకి రాని బండికి ఎన్ని హంగులుంటే ఏం లాభం?"

"వాడు చూసి, 'లైను బంగారంలా ఉంది మేడమ్, మీరే సొంత రౌటర్ పెట్టుకున్నారు, మాకు సంబంధం లేదు' అని చేతులు దులుపుకుని పోయాడు."

"అదే, అదే నేనూ అనేది! ఇచ్చిన డబ్బా ఉండగా ఇంకో డబ్బా ఎందుకు కొన్నావు?"

"తెల్లదాని సిగ్నల్ వెనక గదిలోకి రాదు కాబట్టి. ఆ గదిలో ఫోన్ సిగ్నల్ కూడా ఒక్క గీతే. అందుకే నల్లది కొన్నా. మాట మార్చకండి. ఆ దొంగ ఫోన్ని ఇక్కణ్ణుంచే ఆపేస్తున్నా, చూడండి."

"ఇప్పుడెందుకమ్మా, టిఫిన్ తిన్నాక..."

"తినేశాంగా."

"మళ్లీ తిందాం."

"ఆపేశా!"

"అయ్యో, అప్పుడేనా?"

"మామయ్యా, మీ జేబులో ఏదో మాట్లాడింది."

"నా జేబులోనా? కళ్లజోడుంది."

"మీ కళ్లజోడు 'కనెక్షన్ తెగిపోయింది' అంటుందా?"

"చెవులు బాగానే ఉన్నాయే నీకు."

"తీయండి. ఇది మీ అబ్బాయి పారేసిన పాత ఫోన్ కదా? సిమ్ కూడా లేదు. దీనికి ఇయర్‌ఫోన్లు కూడానా? మరి ఆ పక్క జేబులో పళ్లు కుట్టుకునే పుల్లలు... ఆగండి. ఓసారి ఆ టార్చ్ ఇలా ఇవ్వండి."

"టార్చ్‌లో బ్యాటరీల్లేవు."

"మీ ఒళ్లోనే వెలుగుతోంది, ఇవ్వండి. హబ్ వెనక చిన్న బెజ్జం ఉంటుంది, సూదిమొన పట్టేంత. ఇదిగో! లోపల పుల్ల ముక్క విరిగి ఉంది."

"బల్లి..."

"బల్లులు పళ్లు కుట్టుకోవు మామయ్యా!"

"సరే, సరే. అరవకు. నొక్కాను. అయితే ఏమైంది?"

"ఏమైందా! ఎందుకు నొక్కారసలు?"

"ఆ ఫోన్‌కి పాత డబ్బా పేరే గుర్తుంది. నువ్వేమో దాన్ని ఆపేశావు. దాన్ని మొదట్లో పెట్టినప్పుడు కంపెనీ మనిషి ఇలాగే పుల్లతో నొక్కడం చూశా. రెండు దీపాలు ఆరతాయి, మళ్లీ వెలుగుతాయి, ఫోన్ పనిచేస్తుంది. నీ నల్ల డబ్బా నీది, ఖాళీగా పడున్న తెల్ల డబ్బా నాది. ఎవరి డబ్బా వాళ్లది అనుకున్నా."

"ఖాళీగా ఉందని ఎవరన్నారు? వీధిలోంచి వచ్చే తీగ తెల్లదాంట్లోకే వస్తుంది. 'నువ్వు నోరు మూసుకుని లైను అటు దాటించు, పంచడం నల్లది చూసుకుంటుంది' అని దానికి చెప్పి పెట్టా. మీరు పుల్ల పెట్టగానే నేను చెప్పినవన్నీ మర్చిపోతుంది. మళ్లీ తనే పెత్తనం చేస్తుంది. నల్లదానికి లైను అందదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?"

"అంటే... నాది పనిచేస్తే నీది పోతుందా?"

"పోతుంది! సరిగ్గా నాకు కావాల్సినప్పుడే పోతోంది. మొన్నా అంతే, అటు మొన్నా అంతే, ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచి సరిచేసుకోవాల్సొచ్చింది."

"అయ్యో. నాకేం తెలుసు తల్లీ. కొత్త పాస్‌వర్డ్ అడుగుదామంటే, ఎందుకని అడుగుతావు. గొంతు ఆపరేషనయ్యాక మాట్లాడొద్దు, పని చెయ్యొద్దు, వేడినీళ్లు తాగి పడుకో అని మీ ఆయన శాసనం. ఇరవయ్యేళ్లు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు చెప్పినవాణ్ణి, పడుకోమంటే ఎంతసేపని పడుకోను?"

"అందుకని ఫోన్లో ఏం చేస్తున్నారు?"

"ముందు నువ్వు చెప్పు. ఆఫీసు మీటింగేగా, అంత కంగారెందుకు? పోతే పోయింది, రేపు పెట్టుకోమను."

"మీటింగ్ కాదు మామయ్యా."

"మరి?"

"మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. అవకాశం వచ్చాక చెబుదామనుకున్నా. పుస్తకాలు చదివి రికార్డు చేసే కంపెనీలో గొంతు పరీక్ష. మనకి తెలిసిన కథలే, గొంతులో భావం పలికిస్తూ చదవాలి. చిన్నప్పట్నుంచీ నాకదొక్కటే పిచ్చి."

"గొంతు పరీక్షా? మరి నాకు చెప్పలేదేం? నేనుండగా!"

"మీరున్నారనే చెప్పలేదు. పేపరు చదివితే చాలు, 'ఒత్తు మింగావు, పొట్టలోంచి రావాలి' అంటారు. వెనక గదిలో తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని సాధన చేశా."

"దుప్పట్లో రామచిలకలాగా ఏదో వినిపించేది, అదేనా?"

"అదే. రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ ఒకటే వరస. తెర మీద ఓ మేడమ్, ఓ కుర్రాడు కూర్చుంటారు. 'మూడో ఆయన రావాలి, సీనియర్, ఆగండి' అంటారు. ఆయన రాకముందే నా లైను ఢమాల్."

"ఆఁ?"

"రెండోసారి అయ్యాక మేడమ్ ఫోన్ చేసింది. 'సీనియర్ గారికి కోపమొచ్చిందమ్మా, తీసేయమన్నారు, నేనే బతిమాలి ఇంకొక్కసారి అడిగా' అంది. ఇవాళ పదకొండింటికి. ఇవాళ కూడా పోతే ఇక పిలవరు. ఏమన్నాడో తెలుసా ఆ మహానుభావుడు?"

"వద్దులే..."

"'టైముకి రాని బండికి ఎన్ని హంగులుంటే ఏం లాభం' అన్నాడట! ఎవడో గానీ, వాడి నోట్లో... మామయ్యా, చెమటలు పడుతున్నాయేం? ఫ్యాన్ వేయనా?"

"వద్దు. ఆ పరీక్షలో పేర్లుంటాయా, నంబర్లా?"

"నంబర్లే. మొహమాటాలు ఉండకూడదని."

"నీదెంత?"

"ఏడు."

"ఏడా! నల్ల డబ్బా బాగవడానికి ఎంతసేపు పడుతుంది?"

"మాట్లాడుతూనే సరిచేస్తున్నా. ఇదిగో, ఆకుపచ్చ దీపం వచ్చేసింది. ఇంకా పావుగంట ఉంది. ఎందుకలా లేచి నిలబడ్డారు? కూర్చోండి. గొంతు సవరించుకోకండి, డాక్టరు వద్దన్నాడుగా."

"ఈ ఒక్కటీ మైకు గొంతుతోనే చెప్పాలమ్మా. మామూలు గొంతుతో చెప్పడానికి మొహం చాలదు."

"ఏం చెబుతారు?"

"దయచేసి వినండి. పదకొండు గంటలకు బయలుదేరవలసిన ఏడో నంబరు రెండుసార్లు రద్దు కావడానికి కారణం సాంకేతిక లోపం కాదు. డబ్బాలో పుల్ల నాదే. బండి గురించి వాగిన నోరు నాదే. నీ లైను తెగగానే వచ్చి కూర్చునే ఆ మూడో కుర్చీ కూడా నాదే. ఊరికే విని మార్కులు వేస్తే చాలు, మాట్లాడక్కర్లేదని ఆ పుస్తకాల కంపెనీవాళ్లంటే ఒప్పుకున్నా. కోడలికి మామ మార్కులు వేయడం ధర్మం కాదు కాబట్టి ఇవాళ ఆ కుర్చీ ఖాళీ. ఏడో నంబరు నేరుగా ప్లాట్‌ఫాం మీదికి రావచ్చు. మీకు కలిగిన అసౌకర్యానికి... నిజంగా చింతిస్తున్నాను తల్లీ."