ఒక్క పుంజు చాలు

నువ్వూ అదే మాట అనకు బాబాయ్. 'నీ ఇష్టం తల్లీ' అట! పొద్దస్తమానం కోళ్ళు కోసే మనిషివి, వీటిలో ఏ పుంజుని ఉంచాలో ఏది నీకివ్వాలో నువ్వే చెప్పలేకపోతే నేనేం చెప్పను?

కూర్చో. ఆ స్టూలు కాదు, కాలు ఊగుతుంది. ఈ అరుగు మీద కూర్చో.

అసలు తప్పెవరిది? గుడ్లు ఏరి పెట్టను పొదగేసింది నేను. వాన జల్లు పడకుండా గూటికి పట్టా కట్టింది నేను. పిల్లలు దిగితే ఎంత మురిసిపోయానో! తీరా ఎదిగాక చూస్తే ఏముందీ... అన్నీ పుంజులే. ఆ పిల్లల్లో ఒక్కటంటే ఒక్క పెట్ట లేదు. మా ఆయన పడీ పడీ నవ్వాడు. ఎందుకు నవ్వడూ? గూడు కడిగేది ఆయన కాదుగా.

ఇటు రా, ఈ బాత్రూంలోకి తొంగి చూడు. బకెట్ వెనక మా పాత నల్లపెట్ట. వీపు మీద ఈక అన్నది ఉందా? ఐదు పుంజులూ దాని మీదే పడుతుంటే ఇంకేం మిగుల్తుంది? పగలంతా ఇక్కడే నక్కి కూర్చుంటుంది. నేను స్నానానికొస్తే, ఎక్కడ వెళ్ళగొడతానోనని నా మొహంలోకే చూస్తుంది. గుడ్డు పెట్టడం ఎప్పుడో మానేసింది.

ఒక్క పుంజు చాలని నువ్వే అన్నావు. సరే, ఏది? అత్తయ్యనడిగితే ఎర్రోడిని ఉంచమంటుంది. "ఎంత ఠీవిగా నిలబడతాడే" అంటుంది. ఠీవి! పెట్టల్ని పీక్కు తినేది వాడే. నా పిక్క మీద ఈ గాటు కూడా వాడి చలవే.

ఆయన్నడిగానా, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది బాబాయ్! నీళ్ళ ట్యాంకు మార్చాలా? నీ ఇష్టం. అత్తయ్య కంటికి ఆపరేషన్ చేయించాలా? నీ ఇష్టం. అంతా బాగుంటే 'మేం చేయించాం' అని అందరికీ చెప్పుకుంటాడు. కాస్త తేడా వచ్చిందా, 'నేనప్పుడే అనుకున్నాను' అంటాడు.

అందుకే నేనే తేల్చుకున్నాను. బుజ్జిగాణ్ణి ఉంచుదామని. అదిగో, ఆ బూడిదరంగోడు. గింజలు వేస్తే వీడు ముందు తినడు. పెట్టల్ని పిలుస్తాడు, అవి తిన్నాక మిగిలింది ఏరుకుంటాడు. నల్లపెట్ట భయం లేకుండా వెళ్ళేది వీడొక్కడి దగ్గరికే. పుంజుకి ఇంకేం కావాలి?

అవును, పోయేవాటిని ముందే గంప కింద మూసిపెట్టమన్నావు. మర్చిపోలేదు. ఆ ఒక్క పనీ ఆయనకి అప్పజెప్పాను. మూశాడు. మూడింటిని. ఎర్రోడిని మాత్రం వదిలేశాడు! ఎందుకయ్యా అంటే "వాడు పొడుస్తాడు" అట. పొడుస్తాడనేగా మహానుభావా పంపించేది! నేనింకా అంటూనే ఉన్నాను, చెప్పులేసుకుని పనికెళ్ళిపోయాడు.

సరే, పట్టేద్దాం పద. నువ్వు అటు నుంచి రా. మెల్లగా... ఆ, మూలకి తోలు. నేను దుప్పటి వేస్తాను... అయ్యో! అయ్యయ్యో, పోయాడు! చెయ్యి చూడనీ. నెత్తురొస్తోంది బాబాయ్, ఆ పంపు కింద పెట్టు ముందు.

ఎక్కడికెక్కాడో చూడు, పక్కింటి రేకుల మీదకి! పైగా కూత ఒకటి. దిగరా! అత్తయ్యా, మీరు చప్పట్లు కొట్టకండి, మీకు దణ్ణం పెడతాను!

గంప కిందవి మూడూ సంచిలో వేసుకున్నావుగా, ఇంక ఆగలేవా? నిజమేలే, షాపు వదిలేసి వచ్చావు. మళ్ళీ ఎప్పుడొస్తావ్? ... అన్నాళ్ళా?

అన్నాళ్ళు కుదరదు. మొన్ననే బుజ్జిగాడి జుట్టు చీల్చేశాడు వాడు. మందు రాసి పక్కన పెట్టుకున్నాను. ఇద్దరినీ ఒకే దొడ్లో ఉంచితే చంపిగానీ వదలడు. వేరే గూడు కట్టిద్దామంటే ఆయనేమంటాడో నీకూ తెలిసిపోయిందిగా.

ఏంటలా కిందకి చూస్తున్నావ్? ఓహో, వచ్చాడా. వీడికి బొత్తిగా భయం లేదు. నీ చెప్పుల్లో ఏం దొరుకుతుందనో ఆ పొడవడం! బుజ్జీ, ఇటు రా... చూశావా? పిలిస్తే చాలు.

నన్నేమీ అడక్కు. వాడు చేతికి దొరకడు, వీడు దొరుకుతాడు. అంతే. ఒక్కడే ఉంటే ఎర్రోడు కాస్త నెమ్మదిస్తాడేమో.

నెమ్మదించడు. నాకు తెలుసు.

సంచి మూతి తెరువు. ఊహూఁ, నువ్వు పట్టుకోకు. నేనే ఇస్తాను. నా చేతుల్లో అయితే గింజుకోడు.